ఉడత గెలిపించిన పోరు

ఆట మొదలు కాగానే బాలుని ముందు మూడు జీవులు నిలుస్తాయి. వీపున గడ్డను మోసే బల్బసార్, తోక కొసన మంట వెలిగే చార్మాండర్, నీటి తాబేలు వంటి స్క్విర్టిల్. వీటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా ఆరంభంలో దానికి తెలిసిన విద్యలు రెండే. మొదటిది కొట్టే విద్య: ఢీకొనడమో, గోళ్ళతో రక్కడమో. రెండవది కొట్టని విద్య: గుర్రుమని అరచి ఎదుటి జీవి దెబ్బలోని బలాన్ని తగ్గించడమో, తోక ఆడించి దాని కాపుదలను సడలించడమో. బాలుడు మొదటిదాన్ని నొక్కుతాడు. మరల మొదటిదాన్నే నొక్కుతాడు. రెండవ విద్య పేరైనా చదవకుండానే తొలి పోరు ముగిసిపోతుంది.

ఆ ఆట పేరు పోకెమాన్. నింటెండో సంస్థవారి గేమ్ బాయ్ అనే చేతి యంత్రం కొరకు 1996 ఫిబ్రవరి 27న జపానులో విడుదలైనది. దానిని రూపొందించిన సతోషి తజిరి బాల్యంలో పురుగులను పట్టి పోగుచేసేవాడు. రెండు యంత్రాలను కలిపే చిన్న తీగను చూచినప్పుడు, ఒకరి పెట్టెలోని ప్రాణి మరొకరి పెట్టెలోకి నడిచి వెళ్ళవచ్చునన్న ఊహ ఆయనకు కలిగినది. తొలి ఆటలో 151 జీవులు, 165 ఎత్తులు ఉన్నవి. చదరంగంలో వలె ఇందులోనూ చర్యను ఎత్తు అంటే తప్పులేదు. ఒక్కొక్క జీవి ఒకేసారి 4 ఎత్తులను మాత్రమే జ్ఞాపకం ఉంచుకోగలదు. ఐదవది నేర్వాలంటే పాతవాటిలో ఒకటి మరచిపోవాలి.

ఈ నాలుగు గదులలోనే చిక్కంతా ఉన్నది. కొట్టని ఎత్తుకు ఒక గది ఇస్తే కొట్టే ఎత్తుకు ఒక గది తగ్గుతుంది. అందువల్ల కొత్తగా ఆడే పిల్లలు నాలుగు గదులనూ దెబ్బలతోనే నింపుతారు. వారిని తప్పుపట్టనక్కరలేదు. కంప్యూటరుతో ఆడే కథాభాగం పూర్తి చేయడానికి దెబ్బలే చాలును. దెబ్బ తగిలినప్పుడు తెర అదురుతుంది, ప్రత్యర్థి ప్రాణబలాన్ని చూపే గీత తరిగిపోతుంది. సాయం చేసినప్పుడు మాత్రం ఒక పంక్తి అక్షరాలు కనబడి మాయమవుతాయి. మన దేశంలో ఈ జీవులు 2003లో టెలివిజన్ బొమ్మల కథగా పరిచయమైనవి. 2016 డిసెంబరులో ఫోనులో ఆడే పోకెమాన్ గో అధికారికంగా వచ్చినది. ఆ ఫోను ఆటలో దాదాపు ప్రతి ఎత్తూ దెబ్బే. దానితోనే ఆటను ఎరిగిన పిల్లలకు, కొట్టకుండా పోరాడవచ్చునన్న సంగతి వింతగా తోచడం సహజం.

అయితే ఎదుట కూర్చున్నది కంప్యూటరు గాక ఆలోచించే మనిషి అయినప్పుడు లెక్క మారిపోతుంది. అనుభవజ్ఞులు స్టేటస్ మూవ్ అని పిలిచే కొట్టని ఎత్తుల విలువ అప్పుడు తెలుస్తుంది. అందులో మంత్రమేమీ లేదు. ఉన్నది కూడికలు, గుణకారాలు మాత్రమే.

స్వోర్డ్స్ డ్యాన్స్ అనే ఎత్తును చూడండి. కత్తులు ఝళిపించి ఆడే నాట్యమని దాని అర్థం. దాని వల్ల ఎదుటివారికి గీరుకైనా పడదు. ఆడిన జీవి దెబ్బ బలం మాత్రం రెట్టింపవుతుంది. ఒక జీవి మూడు వంతులూ కొడుతూ పోతే మూడు దెబ్బల గాయం అవుతుంది. మొదటి వంతు నాట్యానికి ఇచ్చి, తరువాతి రెండు వంతులూ కొట్టిన జీవి నాలుగు దెబ్బల గాయం చేస్తుంది. రెండు వంతులతో ముగిసే పోరులో ఇద్దరూ సమానమే. మూడవ వంతు నుంచి ఓర్చినవానిది పైచేయి. వడ్డీకిచ్చిన సొమ్ము వలె మొదటి వంతు మెల్లగా తిరిగి వస్తుంది.

టాక్సిక్ అనే విషప్రయోగం ఇంకొక తీరు. మొదటి వంతులో ప్రత్యర్థి ప్రాణబలంలో 16వ వంతు పోతుంది. రెండవ వంతులో 16లో 2 పాళ్ళు, మూడవ వంతులో 3 పాళ్ళు. ఇట్లా ఐదు వంతులు గడిచేసరికి 16లో 15 పాళ్ళు హరించిపోతాయి. ఆరవ వంతు దాటడం దుర్లభం. విషం పెట్టినవాడు ఈ లోపల తన్ను తాను కాచుకొంటే చాలును. కాలిన గాయం పడిన జీవి ఒంటితో కొట్టే దెబ్బల బలం సగమైపోతుంది. లీచ్ సీడ్ అనే విత్తనం నాటితే ప్రతి వంతులోనూ ప్రత్యర్థి ప్రాణబలంలో 8వ వంతు పీల్చి, నాటినవారికి చేరుస్తుంది. ఒక్క ఎత్తుతో శత్రువుకు నష్టం, తనకు లాభం.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. మన నుడికారంలోనే దానికి పేర్లున్నవి. కర్ణుని రథం తోలడానికి ఒప్పుకొని, తోలుతున్నంతసేపూ అతనిని కించపరచి, అర్జునుని పొగడి, వీరుని గుండె నీరు చేసిన మద్రరాజు కథ నుంచి శల్యసారథ్యం అన్న మాట పుట్టినది. శల్యుడు కర్ణుని మీద బాణం వేయలేదు. బల్బసార్ గుర్రుమన్నప్పుడు జరిగేదీ అదే: ఒక్కసారి అరిస్తే ఎదుటి దెబ్బ మూడింట రెండు వంతులకు, రెండుసార్లు అరిస్తే సగానికి దిగిపోతుంది. అంతకు ముందు, యుద్ధానికి సాయమడగడానికి దుర్యోధనుడూ అర్జునుడూ ద్వారకకు వెళ్ళినప్పుడు కృష్ణుడు వారి ముందు ఉంచిన రెండు దారులు ఎవరెరుగనివి? ఒకవైపు నారాయణ సేన. మరొకవైపు ఆయుధం పట్టనని చెప్పిన తాను. సేన దొరికినందుకు దుర్యోధనుడు పొంగిపోయాడు. కొట్టనివానిని అర్జునుడు కోరుకున్నాడు. నాలుగు గదులనూ దెబ్బలతో నింపుకొనే బాలునిది దుర్యోధనుని ఎంపిక వంటిదే.

2002లో వెలువడిన రూబీ, సఫైర్ ఆటలతో ఈ పోరు మరొక రూపం దాల్చినది. అంతవరకు ఒకరితో ఒకరు తలపడిన జీవులు, ఇప్పుడు రెండేసి చొప్పున జంటలుగా నిలవసాగినవి. పక్కన తోడు ఉన్నప్పుడు సాయమన్న మాటకు నిండైన అర్థం వస్తుంది. హెల్పింగ్ హ్యాండ్ అనే ఎత్తు జంటలోని రెండవ జీవి దెబ్బను ఒకటిన్నర రెట్లు చేస్తుంది. ఫాలో మీ అనేది ఇంకా సాహసమైనది. అది వేసిన జీవి, ఆ వంతులో ప్రత్యర్థులు ఏ ఒక్కరిని గురిపెట్టి కొట్టినా ఆ దెబ్బను తనవైపు త్రిప్పుకొంటుంది. తోడుకు రావలసిన గాయం తాను స్వీకరిస్తుంది.

2014 ఆగస్టులో వాషింగ్టన్ నగరంలో ఈ ఆటకు ప్రపంచ పోటీలు జరిగినవి. దక్షిణ కొరియాకు చెందిన సె జున్ పార్క్ అనే ఆటగాడు తన ఆరు జీవుల జట్టులో పచిరిసు అనే జీవిని తెచ్చాడు. అది విద్యుత్తు గల ఒక చిన్న ఉడత. ఎత్తు 40 సెంటీమీటర్లు, బరువు 4 కిలోలకు లోపు. ముద్దుగా ఉంటుందే తప్ప పెద్ద పోటీలకు పనికి రాదని అందరూ ప్రక్కన పెట్టిన జీవి. దాని నాలుగు గదులలో పార్క్ ఉంచినవి ఏమిటి? తోడు మీదికి వచ్చే దెబ్బను తనవైపు లాగే ఫాలో మీ. తన్ను కాచుకొనే ప్రొటెక్ట్. ప్రత్యర్థి మిగిలిన ప్రాణబలాన్ని సగానికి తెగ్గోసే సూపర్ ఫ్యాంగ్. నామమాత్రపు దెబ్బతో ఎదుటివారిని చచ్చుబరచే నజిల్. తనంతట తాను ఒక శత్రువును నేలకూల్చగల ఎత్తు ఆ నాలుగింటిలో లేదనే చెప్పాలి.

పార్క్ జట్టులో గ్యారడోస్ అనే మహాసర్పం ఉన్నది. అది బలాఢ్యమైనదే గాని మామూలు రూపంలో దానిపై పిడుగు పడితే గాయం నాలుగింతలవుతుంది. ప్రత్యర్థులందరికీ తెలిసిన బలహీనత అది. ఉడతకు ఒక సహజగుణం ఉన్నది: దాని మీద పడిన విద్యుత్తు దానిని గాయపరచడానికి బదులు ప్రాణబలం పెంచుతుంది. సర్పం మీదికి రావలసిన పిడుగును ఉడత పిలుచుకొంటుంది, మ్రింగుతుంది, కోలుకొంటుంది. ఆ కాపు చాటున సర్పం కొడుతుంది. పెద్ద పెద్ద జీవుల దెబ్బలకు ఉడత తట్టుకొని నిలిచినప్పుడల్లా చూపరులు హర్షధ్వానాలు చేశారు. ఆ ఏడు పార్క్ ప్రపంచ విజేత అయ్యాడు.

ఉడత అన్న మాట వినగానే తెలుగు పాఠకునికి సేతుబంధనం స్ఫురించక మానదు. వాల్మీకి చెప్పని ఆ ఉడత కథను మన రంగనాథ రామాయణం చెప్పినది. ఇసుకలో పొర్లి, ఆ నాలుగు రేణువులనే వారధికి చేర్చిన ప్రాణి నుంచి ఉడతాభక్తి అన్న పలుకుబడి వచ్చినది. కాని ఆ మాటను మనం వినయానికే వాడుతాము. చందా పుస్తకంలో చిన్న మొత్తం వ్రాసేటప్పుడు వాడుతాము. చిన్న సాయం పెద్ద ఫలితానికి మూలం కావచ్చునన్న అర్థంలో వాడేవారు తక్కువ.

సాయం చేసేవానికి ఎదురయ్యే కష్టం ఎటువంటిదో తెలియాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి-3 వంటి ఊరికి వెళ్ళాలి. సోవియట్ రష్యాతో 1955లో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారం రూపు దిద్దుకొన్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కొలిమికి దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుపరాయి వచ్చినది. నందిని గనుల నుంచి సున్నపురాయి వచ్చినది. సున్నపురాయి ఉక్కుగా మారదు. ఇనుపరాయిలోని మలినాలను తనలో కలుపుకొని, కార్మికులు స్లాగ్ అని పిలిచే లోహమలమై, బయటికి పోతుంది. అది లేకుండా మాత్రం శుద్ధమైన ఇనుము దిగదు. ఈ సరుకుల రాకపోకల కొరకు వెలసిన మార్షలింగ్ యార్డును, ఎలక్ట్రిక్ ఇంజనుల షెడ్డును ఆనుకొని పెరిగిన పేట భిలాయి-3. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ భిలాయి ప్రాంతంలో తరాలుగా స్థిరపడి ఉన్నవి.

అటువంటి ఒక ఇంట ఇద్దరు అన్నదమ్ములు. ఇంట తెలుగు, వీధిలో హిందీ. వేసవి సెలవులలో ఇద్దరూ ఒక జట్టుగా, ఫోనులలో ఈ జంట పోరాటం ఆడేవారు. ఎదుటి జట్టు వీధి స్నేహితులు. అన్న కొట్టే జీవులను నడిపేవాడు. తమ్ముడు వాటిని కాచేవాడు. ఎదుటివాటిని నిద్రపుచ్చేవాడు, అన్నకు రావలసిన దెబ్బలు తాను తినేవాడు. గెలుపులు ఎక్కువే. కాని ఆట ముగిసినప్పుడల్లా స్నేహితులు ఎవరెవరు ఎన్నింటిని పడగొట్టారో లెక్క తీసేవారు. ఆ లెక్కలో తమ్ముని పేరుకు ఎదురుగా ఎప్పుడూ సున్న.

"నువ్వు ఒక్కదాన్నయినా పడగొట్టావేటిరా? ఇంకెవరినైనా చూసుకుంటాను" అన్నాడు అన్న ఒకనాడు.

తమ్ముడు ఎదురు చెప్పలేదు. ఆ రాత్రి తన జీవుల గదులన్నీ ఖాళీ చేసి, దెబ్బలతో నింపాడు.

అరుగు మీద కూర్చున్న తాత ఇదంతా విన్నాడు. ఆయన యార్డులో వ్యాగన్లను పరీక్షించే పని చేసి పదవీ విరమణ పొందిన మనిషి. బండి యార్డులోకి రాగానే పొడుగు సుత్తి పట్టుకొని ఒక కొస నుంచి మరొక కొసకు నడవడం, చక్రాన్ని కొట్టి మ్రోత వినడం, ఇరుసు వేడెక్కిందేమో చేయిపెట్టి చూడడం ఆయన ఉద్యోగం. కంగుమన్న చక్రం మంచిది. మొద్దుగా పలికినదానిలో పగులు ఉన్నదని అనుమానం. అటువంటి వ్యాగన్‌ను బండి నుంచి విడదీయించేవారు.

"అన్నయ్య ఎన్ని పడగొట్టాడో లెక్కుంది. నువ్వు ఎన్ని దెబ్బలు ఆపావో లెక్కుందేటిరా?" అని అడిగాడు తాత.

"అది ఎలా లెక్కపెడతారు తాతా? తగల్లేదు కదా."

"అదేరా నాన్నా. నేను ఆపిన వ్యాగన్లు దారిలో పట్టాలు తప్పేవో, తప్పకుండా పోయేవో నాకూ తెలీదు. తప్పలేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. అయినా రోజూ సుత్తి పట్టుకునే వెళ్ళాను."

ఆ మాట ఇంటిలోని పెద్దన్న చెవిన కూడా పడినది. మరునాడు ఇద్దరూ దెబ్బలతోనే ఆడారు. మూడు వంతులు తిరగకుండానే అన్న నమ్ముకొన్న జీవి నేలకూలినది. తరువాతి ఆటకు ముందు అన్న, తల ఎత్తకుండానే, "నిన్నటివే తీసుకురా" అన్నాడు. స్నేహితుల లెక్క మాత్రం మారలేదు. తమ్ముని పేరుకు ఎదురుగా మరల సున్నయే పడుతూ వచ్చినది.

కొట్టని ఎత్తుల విలువ తెలియకపోవడానికి కారణం ఇదే. దెబ్బ ఫలితం జరిగిన సంగతి. అందుకే దానికి లెక్క ఉన్నది. సాయం ఫలితం చాలాసార్లు జరగని సంగతి. పడని పిడుగు, తప్పని పట్టా, రాని జ్వరం. వీటిని వ్రాసే పుస్తకం ఏ కార్యాలయంలోనూ ఉండదు. మసూచికం సోకినవారిని లెక్కించవచ్చును గాని, టీకా వల్ల సోకనివారు ఫలానా ఇంటి ఫలానా వ్యక్తి అని వేలు పెట్టి చూపలేము.

అట్లని సాయమే సర్వస్వమని ఆట ఎన్నడూ చెప్పదు. ఆరు జీవులనూ కాచేవాటితోనే నింపుకొన్న జట్టు, కాచుకొంటూ కాచుకొంటూ ఓడిపోతుంది. టాంట్ అనే ఎత్తు ఉన్నది. ఎదుటివానిని రెచ్చగొట్టి, మూడు వంతుల పాటు కొట్టడం తప్ప మరేమీ చేయలేకుండా చేస్తుంది. దెబ్బ ఎరుగని జీవి అప్పుడు నిస్సహాయమవుతుంది. గుర్రుమని తగ్గించిన బలం, ఆ జీవిని వెనుకకు పిలిచి మరల దింపగానే తిరిగి వస్తుంది. రెండు వంతులలో తేలిపోయే పోరులో నాట్యం ఆడినవానికి లాభం లేదు. పార్క్ ఉడత గెలిపించినది నిజమే. గ్యారడోస్ లేని ఉడత ఏమి చేయగలదు? వారధికి వానరులు మోసిన బండలూ కావలెను, ఉడత రాల్చిన ఇసుకా కావలెను. ఎప్పుడు ఏది కావలెనో తెలియడమే నేర్పు.

ఇందులో నేర్చుకోదగినది ఆటగాని కంటె లెక్కవ్రాసేవానికే ఎక్కువ. ఇంటిలో, బడిలో, కార్ఖానాలో పడగొట్టినవారి జాబితాను తయారు చేయడం సులభం. తరగతిలో మొదటి వచ్చిన పిల్లవాని పేరు బోర్డు మీదికి ఎక్కుతుంది. వానికి రాత్రుళ్ళు లెక్కలు చెప్పిన అక్క పేరు ఎక్కదు. యంత్రం ఆగినప్పుడు బాగుచేసినవానికి బహుమానం దొరుకుతుంది. అది ఆగకుండా ప్రతి ఉదయం నూనె పోసినవాడు ఉన్నాడన్న సంగతి, అతడు సెలవు పెట్టిన వారం గాని తెలియదు. అట్టివారు చివరకు విసిగి, భిలాయి-3 బాలుని వలె, తమ గదులను దెబ్బలతో నింపుకొంటే ఆశ్చర్యమేమి? అప్పుడు కూలేది వారు కాచిన పెద్ద జీవియే.

రామాయణ కథలో ఉడత ఇసుక మోసినందుకే ప్రసిద్ధికెక్కలేదు. ఆ తీరాన ఇంకా ఎన్ని చిన్న ప్రాణులు ఏమేమి మోసినవో ఎవరికి తెలుసు? వేల వానరులు కొండలను పెకలించి తెస్తున్న సందడిలో, సముద్రతీరాన ఒక చిన్న ప్రాణి చేస్తున్న పనిని రాముడు చూచాడు. చేతిలోనికి తీసుకొని వీపు నిమిరాడు. ఉడత వీపు మీది మూడు చారలూ ఆ వ్రేళ్ళ గుర్తులేనని మన పెద్దలు చెబుతారు. సాయపడినవానికి ముట్టిన కూలి అది ఒక్కటే, చూచినవారు ఉన్నారన్న గుర్తు.